నీలం కారు గుర్తుపెట్టుకున్న మనిషి

నోవై,
నవంబర్ 4, 2024.

చిరంజీవి పద్మనాభానికి అక్కయ్య ఆశీస్సులు.

ఫోనుండగా ఉత్తరమేమిటని నీకు అనుమానం రావాలి. ఈ ఇంట్లో నేను ఫోనెత్తితే చాలు, జయంతి "స్పీకర్‌లో పెట్టమ్మా, మావయ్యతో నేనూ మాట్లాడతా" అంటుంది. అక్కడ నీ చెవి మిషను మీ అమ్మాయి కారులో స్పీకర్లకి కలిసిపోతుంది. పోయినసారి నా అజీర్తి సంగతి నీ మనవరాలు అనికతోపాటు స్కూలుకెళ్ళే పిల్లలందరూ విన్నారు. అంచేత కాగితం.

అసలు సంగతి అల్లుడుగారి నీలం కారు. రెండేళ్ళ కిందట కొన్నారే, రెండే తలుపులు, స్టార్ట్ చేస్తే గ్రైండర్లో రాళ్ళు వేసినట్టు మోగుతుంది, అదే. చలికాలం వస్తే దానికి గుడ్డ కప్పి గరాజ్‌లో మూలన పెట్టేస్తారు. మంచు కరగటానికి రోడ్ల మీద పోసే ఉప్పుకి దాని ఒళ్ళు పాడవుతుందట. ఏప్రిల్ దాకా గుడ్డ తీయరు. ఆఫీసుకి వేరే పెద్ద బండి ఉంది. జయంతికి తన తెల్ల కారు ఉంది.

అలాంటిది, ఈ వారం గరాజ్‌లో నాలుగు కొత్త టైర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. టైరు పక్కల మీద మూడు శిఖరాల కొండ బొమ్మ, అందులో మంచుపువ్వు. చలికాలం టైర్లన్నమాట. అంకెలు కూడా ఏవో ఉన్నాయిగానీ నా కళ్ళద్దాలకి అందలేదు. మంచం ఎక్కి పడుకోబోయేవాడు బూట్లు కొనుక్కుంటాడా?

పోయిన నెల భోజనాల దగ్గర దీని గురించే మాట్లాడుకున్నారని ఇప్పుడు గుర్తొస్తోంది. అల్లుడుగారన్నారు, "గట్టి రకం తీసుకుంటే బెటర్ జయా. డ్రై రోడ్ మీద హ్యాండ్లింగ్ పోదు. మెత్తవి వేస్తే ఇడ్లీల మీద డ్రైవ్ చేసినట్టుంటుంది."

"ఐస్ మీద గ్రిప్ ముఖ్యం. మెత్తవే ఆర్డర్ చెయ్యి" అంది జయంతి. అని, నా వంక చూసి, "పప్పు వెయ్యనా అమ్మా?" అంది.

పాపం, దానికి ఆ కారంటేనే భయం. "నేను దాన్ని ముట్టనమ్మా" అని కొన్న రోజే చెప్పింది. వాళ్ళ నాన్న పోయాక, వేగంగా పోయే బండి జోలికి వెళ్ళనని పదిహేడో ఏట నాకిచ్చిన మాట ఇప్పటికీ నిలబెట్టుకుంటోంది.

నీ సర్వీసంతా బస్సు కంపెనీ టైర్ల షెడ్డులో గడిచింది. నిజం చెప్పు. గుడ్డ కప్పి ఉంచే కారుకి మంచు టైర్లెందుకు? జవాబు వేరే కాగితం మీద రాయి. పైన నీ మోకాళ్ళ గురించి ఒక కాగితం పెట్టు. జయంతి అడిగితే అది చూపిస్తాను.

అక్కయ్య,
జ్ఞానప్రసూన

*

ప్లేనో,
నవంబర్ 13.

పూజ్యురాలైన అక్కయ్యకి నమస్కారాలు.

మోకాళ్ళ కాగితం విడిగా పెట్టాను. అందులో రాసినదంతా నిజమే, తీరికున్నప్పుడు చదువు.

టైర్ల విషయంలో నువ్వు అనుమానించాల్సిందేమీ లేదు. అలాంటి కార్లకి వేసవి టైర్లు వేసి అమ్ముతారు. ఆ రబ్బరు ఏడు డిగ్రీల కిందకి వస్తే బిగుసుకుపోతుంది. గడ్డకట్టే చలిలో కారు కాస్త అటూ ఇటూ జరిపినా బీటలు వారుతుంది. అందుకని మార్చి ఉంటాడు. చలికాలం టైర్లలో రెండు రకాలు. గట్టివి తుడిచిన రోడ్డు మీద బాగుంటాయి. మెత్తవాటికి ఒళ్ళంతా సన్నని గాట్లు, అవి మంచుగడ్డని పట్టుకుంటాయి. మీ ఊరి చలికి మెత్తవే నయం.

పంతొమ్మిది అంగుళాల చక్రాలు తీసి పద్దెనిమిదివి వేయటం కూడా తెలివైన పనే. టైరు పక్కగోడ ఎత్తుగా ఉంటుంది, గుంతలో పడినా రిమ్ము వంగదు. మీ అల్లుడు శ్యామ్‌సుందర్ జాగ్రత్త గల మనిషి.

ఇక్కడ నిన్న ఎండ కాసింది. పొట్టి చేతుల చొక్కాతో వాకింగ్‌కి వెళ్ళాను. నీకు అసూయ కలగాలని రాస్తున్నాను.

నీ తమ్ముడు,
పద్మనాభం

*

నోవై,
డిసెంబర్ 2.

పద్మనాభానికి,

నీ మోకాళ్ళు నీకన్నా నిజాయితీగా ఉన్నాయి.

నా మొదటి ఉత్తరానికి నకలు పెట్టుకున్నాను. ముప్ఫై ఏళ్ళు కాలేజీలో పని చేసినదాన్ని, నకలు లేకుండా ఏ కాగితమూ బయటికి పంపను. అందులో అంకెలు నా కళ్ళకి అందలేదని రాశాను. పంతొమ్మిది తీసి పద్దెనిమిది వేశారని ప్లేనోలో కూర్చున్న నీకెవరు చెప్పారు? ఎదురుగా ఉన్న నాకే తెలియదు. నిన్న పీటేసుకుని, భూతద్దం పెట్టి చూస్తే నువ్వు రాసినది సరిగ్గా సరిపోయింది.

రెండోది. కారు గరాజ్‌లో అటూ ఇటూ జరపటానికే టైర్లు మార్చారన్నావు. మరి గుంతలెక్కడివి? మా గరాజ్ నేల పళ్ళెంలా ఉంటుంది.

కాపీ కొట్టిన పిల్లలు సరిగ్గా ఇలాగే దొరికేవాళ్ళు. అడగనిదానికి కూడా జవాబు రాసేవారు.

ఈలోపు ఇక్కడ టైర్లు బిగించేశారు. థాంక్స్‌గివింగ్ వెళ్ళిపోయింది, గుడ్డ మాత్రం అల్మరా మీంచి దిగలేదు. "ఈ ఏడు కప్పరా?" అని అల్లుడుగారిని అడిగాను. "కప్పుతాం అత్తయ్యగారూ, వీకెండ్ చూద్దాం" అని గబగబా లోపలికి వెళ్ళారు. ఆయన పరిగెత్తటం నేను మొదటిసారి చూశాను.

నీకేం తెలుసో రాయి.

జ్ఞానప్రసూన

*

ప్లేనో,
డిసెంబర్ 12.

అక్కయ్యకి,

ఒప్పుకుంటున్నాను. టైర్లు ఎంచటానికి నాకు ఫోన్ వచ్చింది, సలహా చెప్పాను. ఇంట్లో టైర్ల మనిషి ఉంటే అడగరూ? నీకు రాయకపోవటానికి కారణమేమీ లేదు, మర్చిపోయాను. డెబ్భై నాలుగు దాటాయి.

అయినా అక్కయ్యా, యాభై దాటిన మనిషికి ఏదో ఒక సరదా ఉంటుంది. చలికాలంలో నాలుగు రోజులు కారు బయటికి తీస్తే కొంప మునగదు. ఈ సంగతి ఇక్కడితో వదిలెయ్యి. నా మాట విను.

మోకాళ్ళ కాగితం జత చేశాను. ఎడమది కాస్త నయం.

పద్మనాభం

*

నోవై,
జనవరి 21, 2025.

పద్మనాభానికి,

సరదా అన్నావు. ఆ సరదా ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. ఎలా తెలిసిందో చెప్తాను, చివరిదాకా చదువు.

కొత్త సంవత్సరం వచ్చినప్పటి నుంచి ప్రతి ఆదివారం పొద్దున్న ఏడింటికి ఇద్దరూ నీలం కారులో బయల్దేరుతున్నారు. జయంతికి హాస్పిటల్ ఫార్మసీలో వీకెండ్ డ్యూటీ వేశారట. మంచులో అది ఒక్కతీ వెళ్ళకుండా ఆయన దింపుతారట. తర్వాత బ్యాడ్మింటన్ ఆడుకుని, పన్నెండింటికి ఎక్కించుకొస్తారట. వచ్చాక అది రెండు ప్లేట్ల అన్నం తింటుంది. బుగ్గలు కందిపోయి ఉంటాయి. పాపం, ఎంత చాకిరీ చేయిస్తున్నారో అక్కడ.

ఇద్దరు పిల్లల్ని చదివించినప్పుడు వేసుకోని డ్యూటీలు ఇప్పుడెందుకు? అది నాకు తట్టలేదు. బ్యాడ్మింటన్ రాకెట్టు మాత్రం గరాజ్‌లో మేకుకే వేలాడుతోందని కనిపెట్టాను. దాని మీద దుమ్ముతో ఓనమాలు దిద్దవచ్చు.

నిన్న శెలవు. ఇద్దరూ ఇండియన్ స్టోర్‌కి పెద్ద బండిలో వెళ్ళారు. నేను శాలువా కప్పుకుని గరాజ్‌లోకి వెళ్ళాను. నీలం కారు వెనక డిక్కీలో ఒక హెల్మెట్ ఉంది. కారు నడిపేవాడికి హెల్మెట్టా? అల్లుడుగారి తల గుమ్మడికాయంత, ఆ హెల్మెట్ నాకు సరిపోయింది. లోపల పొడుగాటి వెంట్రుక.

తర్వాత డ్రైవరు సీట్లో కూర్చున్నాను. తలుపుకి రెండు మీటలు, ఒకటి, రెండు అని. ఒకటి నొక్కితే సీటు నన్నెత్తుకుని వెనక్కి వెళ్ళిపోయింది. కాళ్ళు గాల్లో ఉన్నాయి. అది ఆరడుగుల అల్లుడుగారి లెక్క. రెండు నొక్కాను. సీటు మెల్లగా ముందుకొచ్చి, పైకి లేచి, నా పాదాలు సరిగ్గా పెడల్స్ మీద ఆనేట్టు ఆగింది. అద్దాలు కూడా నా కళ్ళకి సరిగ్గా తిరిగాయి. నా కోసమే కొలిచినట్టుంది.

ఈ కారు ఇద్దర్ని గుర్తుపెట్టుకుంది పద్మనాభం. ఆ రెండో మనిషి నా అంత ఎత్తు ఆడది. ఆయన పెళ్ళాన్ని డ్యూటీలో దింపి, ఆ రెండో ఆవిడకి కారిచ్చి తిప్పుతున్నారు. మంచు మీద జారకుండా ఉండాలని మెత్తని టైర్లు కూడా వేయించారు, పక్కన మా అమ్మాయి కూర్చుని "మెత్తవే తీసుకో" అంటుంటే! ఆ టైర్లు నువ్వు ఎంచిపెట్టావు. నీకు తెలిసే చేశావా, తెలియకా అన్నదే నేను ఇప్పుడు తేల్చుకోవాల్సింది.

ఫిబ్రవరి రెండు ఆదివారం. ఆ రోజు అది డ్యూటీ నుంచి రాగానే అన్నీ దాని ముందు పెడతాను. ముప్ఫై ఏళ్ళ సంసారమని తెలుసు. నోరు మూసుకుని చూస్తూ కూర్చోవటం నాకు చేతకాదు.

అక్కయ్య

*

ప్లేనో,
జనవరి 25.
ఓవర్‌నైట్ పోస్టు

అక్కయ్యా,

మోకాళ్ళ కాగితం లేదు. జయంతికి ఏమీ చెప్పకు. ముందు ఇది చదువు.

రెండో మీట మనిషి నీ అంత ఎత్తే. నీ అంత ఎత్తు మనిషి ఆ ఇంట్లో ఇంకెవరున్నారో ఒక్కసారి లెక్క చూడు. ముప్ఫై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పావు.

ఆ కారు జయంతిది. కొన్నదీ, రంగు ఎంచిందీ అదే. ఆదివారాలు దానికి డ్యూటీ లేదు. గంట దూరంలో ఒక చెరువు ఉందట, జనవరికల్లా గడ్డ కడుతుంది. కార్ల క్లబ్బువాళ్ళు ఆ మంచు మీద కోన్లు పెట్టి మెలికల దారి వేస్తారు. ఒకసారికి ఒక్క కారే వెళ్ళాలి. ఎవరు తక్కువ సమయంలో తిరిగొస్తే వాళ్ళు ముందు. శ్యామ్ ఒడ్డున ఫ్లాస్కు పట్టుకుని, వణుకుతూ నిలబడతాడు. మంచు అడుగు మందం ఉందని కొలిచాకే దిగుతారు. అది నేనే అడిగి తెలుసుకున్నాను.

నాకు ఫోన్ చేసింది శ్యామ్ కాదు, జయంతి. "మావయ్యా, మిగతావన్నీ నేను చూసుకుంటా. టైర్లు మాత్రం నువ్వు సెలెక్ట్ చెయ్యి. నాన్న స్కూటర్ సంగతి నీకే తెలుసు" అంది.

నాకే తెలుసు. నీకెప్పుడూ చెప్పలేదు. బావగారి స్కూటర్ వెనక టైరు అరిగి గుండైపోయిందని నేను వారం ముందే చూశాను. "మార్చండి బావగారూ" అన్నాను. "ఈ నెల వెళ్ళనీవోయ్" అన్నారు. మళ్ళీ అనలేదు. అక్క మొగుడితో గట్టిగా ఎలా అంటాం? మర్యాదగా ఊరుకున్నాను. తర్వాత ఆ వాన, ఆ మలుపు. రోజుకి నలభై బస్సుల టైర్లు చూసి పనికిరానిదాన్ని పీకించేవాణ్ణి, మన ఇంటి స్కూటర్‌ది పీకించలేకపోయాను. ఆ కబురు జయంతికి దాని ఇరవయ్యో ఏట చెప్పాను. నీకు చెప్పే ధైర్యం రాలేదు.

ఈసారి మర్యాద చూడలేదు. శ్యామ్ ఇంజనీరు, గట్టి రకమే కావాలన్నాడు. గంటసేపు వాదించి మెత్తవి కొనిపించాను.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను, ఎలాగూ తిడతావు. బావగారు పోయిన పదమూడో రోజు దాటకుండానే జయంతి లూనా బండి అమ్మేయమన్నావు. అమ్మేశానన్నాను. అమ్మలేదు. షెడ్డు వెనక గోనె కప్పి ఉంచాను. ఆదివారాలు అది మీ మరదలి దగ్గర కుట్లు నేర్చుకోవటానికి మా ఇంటికి వచ్చేది కదా. కుట్లేమీ నేర్చుకోలేదు.

చెప్తే నువ్వు భయపడతావనే దాచింది. నువ్వు వద్దంటే మానేస్తుంది. అదీ దాని భయం.

పద్మనాభం

*

నోవై,
ఫిబ్రవరి 3.

పద్మనాభానికి,

దాని కుట్టు చూసినప్పుడే నాకు అనుమానం రావలసింది. మూడేళ్ళు నేర్చుకుని జాకెట్టుకి హుక్కు కుట్టలేకపోయింది.

స్కూటర్ సంగతి నాలుగుసార్లు చదివాను. నిన్ను క్షమించానని రాయను, ఎందుకంటే నీ తప్పేమిటో నాకింకా దొరకలేదు. "ఈ నెల వెళ్ళనీ" అని ఆయన నాతో కూడా అన్నారు. నేను కూడా ఊరుకున్నాను. ఇది నేను నీకెప్పుడూ చెప్పలేదు. అయిపోయింది.

లూనా మాత్రం క్షమించను. నలభై ఏళ్ళలో ఇంకేమేం అమ్మకుండా దాచావో జాబితా పంపు.

నిన్న ఆదివారం. కిటికీ దగ్గర కూర్చున్నాను. అడుగు మందం మంచు కారుని మోస్తుందని నాకు తెలుసు. క్లాసులో బోర్డు మీద లెక్క కట్టి చూపించాను కూడా. ఆ కారులో మన పిల్ల ఉన్నప్పుడు ఆ లెక్క ఎంతకీ తెగదు. అయిదు గంటలు అదే లెక్క చేశాను.

పన్నెండుంపావుకి వచ్చారు. "డ్యూటీ ఎలా జరిగింది?" అన్నాను.

"ఫుల్ బిజీ అమ్మా. కాళ్ళు పీకుతున్నాయి."

అప్పుడు చెప్పెయ్యొచ్చు. మాట నాలుక చివరి దాకా వచ్చింది. నేను ఒక్క మాటంటే మానేస్తుంది, యాభై నాలుగేళ్ళ మనిషి, పదిహేడో ఏట మానినట్టే, ఎదురు చెప్పకుండా. (అప్పుడు మానలేదని ఇప్పుడు తెలిసిందనుకో.) దాని ముఖం చూశాను. కందిపోయి, వెలిగిపోతోంది. రెండో ప్లేటు వడ్డించాను.

అల్లుడుగారికి కూడా ఆవకాయ వేశాను. మూడు నెలలుగా ఆయన వైపు సీసా జరపలేదు. తెల్లబోయి చూశారు.

ఒక్కటి అడుగుతాను. ఆ టైర్లలో గాలి ఎంత ఉండాలి? చలికి గాలి ముడుచుకుంటుంది, వేడి పది ఫారన్‌హీట్ డిగ్రీలు తగ్గితే ఒక పౌను చొప్పున పోతుంది. ఇక్కడ ఈ వారం గడ్డకట్టేదానికన్నా చాలా కిందకి పోయింది. ఆ కారు మోతకీ, వేగానికీ ఇచ్చే శ్రద్ధ ఈ ఇంట్లో ఎవరూ గాలికి ఇస్తున్నట్టు లేదు.

జ్ఞానప్రసూన

*

ప్లేనో,
ఫిబ్రవరి 6.

అక్కయ్యా,

ముప్ఫై అయిదు. కారు కదలకముందే, చల్లగా ఉన్నప్పుడే చూడాలి. గాలి కొలిచే గేజి నాది పంపుతున్నాను. రిటైరైన రోజు షెడ్డువాళ్ళు ఇచ్చినది. గాలి కొట్టే చిన్న మిషను శ్యామ్ దగ్గర ఉంది, మీట నొక్కితే చాలు. నేల మీద కూర్చోకు, పీట వేసుకో.

జాబితాలో ఇంకేమీ లేదు. నీ పాత రేడియో తప్ప.

పద్మనాభం

*

నోవై,
ఫిబ్రవరి 24.

పద్మనాభానికి,

రేడియో సంగతి విడిగా చూస్తాను.

నీ గేజి భేషుగ్గా పని చేస్తోంది. శనివారం మధ్యాహ్నం వాళ్ళిద్దరూ సరుకులకి వెళ్ళగానే నేను పీట, గేజి, నోటు పుస్తకం పట్టుకుని గరాజ్‌లోకి దిగుతున్నాను. మొదటిసారి నాలుగింటిలోనూ ముప్ఫై లోపే ఉంది. ముప్ఫై అయిదుకి నింపాను. మిషను శబ్దం కారు శబ్దం కన్నా మర్యాదగా ఉంది.

ఆ సోమవారం భోజనాల దగ్గర జయంతి అడిగింది, "శ్యామ్, టైర్లలో ఎయిర్ ఫిల్ చేశావా?"

"లేదే. నువ్వు చేశావనుకున్నా."

"నేను చెయ్యలేదు."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను పెరుగన్నంలో ఉప్పు సరిపోయిందో లేదో చూసుకుంటూ కూర్చున్నాను. మూడు నెలలు నేను పడ్డ అనుమానం ఇప్పుడు వాళ్ళు పడుతున్నారు. ఎంత సుఖంగా ఉందో చెప్పలేను.

తర్వాతి శనివారం వెళ్ళేసరికి ముందు చక్రానికి ఒక పచ్చ చీటీ అంటించి ఉంది. "ఐస్ మీద 32 చాలు." తెలుగులో. ఈ వీధిలో తెలుగు చదివే మెకానిక్కు ఎవరూ లేరు. కింద సంతకం లేదు, పైన సంబోధన లేదు. దాని ద గుండ్రంగా రాదు, చిన్నప్పటి నుంచీ అంతే. ముప్ఫై రెండుకి తగ్గించి వచ్చేశాను. ఆ రాత్రి అది పడుకోబోయే ముందు వచ్చి నా మోకాళ్ళకి నూనె రాసింది. "పీట మీద కూర్చుంటే నొప్పి వస్తుందమ్మా" అంది. "ఏ పీట?" అన్నాను.

మొన్న శనివారం మళ్ళీ కొలిచాను. మూడు టైర్లు చలికి దిగాల్సినంతే దిగాయి. కుడివైపు వెనకది ఇంకో నాలుగు పౌన్లు ఎక్కువ దిగింది. చలి ఒక్క టైరుకే వెయ్యదు కదా. దీపం పట్టుకుని, చెయ్యి పెట్టి తడిమాను. నువ్వు చెప్పిన ఆ సన్నని గాట్లలో ఒక మేకు, తల అరిగి, నల్లగా కలిసిపోయి ఉంది. కనపడదు. వేలికి తగిలింది.

మళ్ళీ వెనక టైరే పద్మనాభం. తర్వాత లేచి, ఆ పచ్చ చీటీ కిందే జవాబు రాసి, చక్రానికి అంటించి లోపలికొచ్చాను.

నిన్న ఆదివారం కారు కదల్లేదు. "ఈ వారం డ్యూటీ లేదమ్మా" అంది. "మంచిది" అన్నాను. ఇవాళ పొద్దున్నే అల్లుడుగారు పెద్ద బండి వదిలేసి, నీలం కారుని టైర్ల షాపుకి నడిపించుకెళ్ళారు, వీధి చివరిదాకా నత్తలాగా. వచ్చే ఆదివారమే ఈ ఏటికి ఆఖరిదట, తర్వాత చెరువు కరుగుతుందట. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. ఫ్రిజ్ మీద కేలెండర్‌లో మార్చి రెండు చుట్టూ నిన్న కొత్తగా సున్నా చుట్టి ఉంది, సరిగ్గా నా కళ్ళ ఎత్తులో.

చీటీ మీద ఏం రాశానని అడుగుతావు. పరీక్ష పేపరు దిద్దినట్టు ఎర్ర ఇంకుతో రాశాను.

"కుడి వెనక టైరులో మేకు ఉంది. తీయించాకే వెళ్ళు."

అక్కయ్య